పరిచర్యను విద్యగా నిలిపిన ఫ్లారెన్స్ నైటింగేల్

మన మిషను ఆసుపత్రుల నర్సింగు స్కూళ్లలో చదివిన వారెవరికైనా దీపములు వెలిగించే సాయంకాలము జ్ఞాపకముండక మానదు. హాలులో లైట్లు ఆర్పివేస్తారు. మేట్రను గారు తన చేతి దీపముతో మొదటి అమ్మాయి దీపమును వెలిగిస్తారు. ఆ అమ్మాయి ప్రక్కనున్న అమ్మాయి దీపమును వెలిగిస్తుంది. అలా వరుస చివరకు వెలుగు చేరిన తరువాత అందరూ కలిసి నైటింగేల్ ప్రతిజ్ఞ చెప్పుతారు. వెనుక బెంచీలలో కూర్చున్న తల్లులు పమిట చెంగులతో కన్నులు తుడుచుకుంటారు. నేనును అట్లే ఒకనాడు దీపము పట్టుకొని నిలబడిన దానను. ఆ తరువాత ముప్పది సంవత్సరములకు పైగా వార్డులలోనే నా జీవితము గడిచింది.

ఆ ప్రతిజ్ఞను నైటింగేల్ వ్రాయలేదని నాకు చాలా కాలమునకు గాని తెలియలేదు. 1893వ సంవత్సరములో అమెరికాలోని డెట్రాయిట్ నగరములో కొందరు దానిని కూర్చి, ఆమెపై గౌరవముతో ఆమె పేరు పెట్టారు. మనము పట్టుకొనే ఇత్తడి దీపము కూడ ఆమెది కాదు. ఆమె రాత్రులందు వార్డులలో తిరిగినప్పుడు చేతిలో ఉన్నది గుడ్డతో చేసిన, మడత పెట్టుటకు వీలైన టర్కీ దేశపు లాంతరు. చిత్రకారులు దానిని ప్రమిద వంటి దీపముగా మార్చివేశారు. ఇవి చిన్న సంగతులే. అయితే దీపము చుట్టు అల్లుకొన్న కథ వెనుక అసలు మనిషి మరుగుపడిపోయింది. ఆ మనిషి బహు గట్టిది. లెక్కలు తెలిసినది. కోపము గలది. తాను పొరపడినచోట పొరపాటును వెదకి పట్టుకొన్నది. శతాబ్ది సంచికకు ఆసుపత్రి పరిచర్యను గూర్చి ఒక వ్యాసము వ్రాయుమని పెద్దలు కోరినప్పుడు ఆమె జీవితమునే వ్రాయదలచాను.

ఫ్లారెన్స్ 1820వ సంవత్సరము మే నెల 12వ తేదీన ఇటలీ దేశములోని ఫ్లారెన్స్ నగరములో జన్మించింది. తల్లిదండ్రులు విలియం, ఫ్రాన్సెస్ నైటింగేల్ దంపతులు ఇంగ్లీషువారు, మిక్కిలి ధనవంతులు. పెండ్లియైన తరువాత ఐరోపా దేశములలో విహరిస్తూ, పిల్లలు పుట్టిన ఊళ్ల పేర్లే పిల్లలకు పెట్టారు. అక్క నేపుల్స్ నగరములో పుట్టినందున ఆ నగరపు ప్రాచీన గ్రీకు నామమైన పార్తెనోపి అని పేరు పెట్టారు. ఆ పేరుతో పోల్చిచూస్తే చెల్లెలు అదృష్టవంతురాలే. ఇంగ్లండులో వారికి డర్బీషైరులో ఒకటి, హాంప్‌షైరులో ఎంబ్లీ అనుచోట ఒకటి, రెండు పెద్ద గృహములుండేవి. తండ్రి కూతుళ్లకు తానే చదువు చెప్పాడు. గ్రీకు, లాటిన్, ఫ్రెంచి, జర్మను, ఇటాలియను భాషలు, చరిత్ర, తత్త్వశాస్త్రము నేర్పాడు. గణితము మీద ఆమెకు ఎనలేని ఇష్టము. తల్లికి మాత్రము అది నచ్చలేదు. ఆడపిల్లకు లెక్కలెందుకని ఆమె భావము. మన ఊళ్లలోను ఈ మాట వినని ఆడపిల్ల ఉన్నదా?

1837వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన, తనకు ఇంకను పదిహేడేండ్లు నిండక మునుపే, దేవుడు తన్ను తన సేవకు పిలిచెనని ఆమె వ్రాసుకొన్నది. ఏ సేవకో తెలియలేదు. దానిని కనుగొనుటకే చాలా సంవత్సరములు పట్టింది. ఆ దినమును మాత్రము ఆమె జీవితాంతము లెక్కపెట్టుకొంటూ వచ్చింది. పల్లెలలో రోగులైన బీదలను చూడబోవుట అలవాటైన కొలది, రోగుల సేవయే తన పని అని తేలినది. 1845లో సాల్స్‌బరీ ఆసుపత్రిలో కొన్ని నెలలుండి నేర్చుకొంటానని ఇంటిలో చెప్పగా పెద్ద గొడవ జరిగింది. తల్లి భయపడింది. అక్క మూర్ఛలుపోయింది. తండ్రి మొగము చాటువేసుకొన్నాడు.

వారిని పూర్తిగా నిందించుటకు కూడ వీలులేదు. ఆ కాలములో నర్సు అనగా ఎవరు? ఏ పనీ దొరకని స్త్రీలు, త్రాగుడు అలవాటున్నవారు, చదువురానివారు ఆ పనికి వచ్చేవారు. చార్లెస్ డికెన్స్ తన నవలలో సేరీ గాంప్ అనే త్రాగుబోతు నర్సు పాత్రను అప్పుడే సృష్టించాడు. అది చదివి దేశమంతా నవ్వింది. గొప్పింటి కుమార్తె అట్టి పనికి పోతానన్నప్పుడు, మన దేశములో మొదటి తరము క్రైస్తవ నర్సులను చుట్టుప్రక్కలవారు ఏ కన్నుతో చూచారో ఆ కన్నుతోనే ఆమె బంధువులు చూచారు.

చాలా సంవత్సరములు ఆమె ఇంటిలో బంధింపబడినట్టే ఉండిపోయింది. రిచర్డ్ మాంక్టన్ మిల్న్స్ అను యోగ్యుడైన వ్యక్తి ఆమెను పెండ్లి చేసుకొనగోరి చాలా కాలము వేచియున్నాడు. ఆమెకును అతడంటే ఇష్టమే. అయినను 1849లో కాదన్నది. తెల్లవారుజామున అందరికంటె ముందుగా లేచి, దీపము పెట్టుకొని, ఆసుపత్రుల నివేదికలను చదివి నోటుపుస్తకములు నింపేది. పగలు మరల అతిథులకు టీ పోసే కుమార్తెగా ఉండేది. ఆ సంవత్సరములలో ఆమె మిక్కిలి నిరాశపడి, చావును కూడ కోరుకొన్నట్టు ఆమె కాగితముల వలన తెలుస్తున్నది.

తరువాత కుటుంబ స్నేహితులతో ఈజిప్టు, గ్రీసు దేశములు చూడబోయింది. ఏథెన్సు నగరములో కొందరు పిల్లలు ఒక గుడ్లగూబ పిల్లను హింసిస్తుంటే విడిపించి, ఏథీనా అని పేరు పెట్టి, జేబులో పెట్టుకొని తిరిగేది. ఆ ప్రయాణము నుండి వచ్చేటప్పుడే, 1850లో, జర్మనీ దేశములో రైన్ నదీతీరమునగల కైజర్స్‌వర్త్ అను గ్రామము చూచింది. అక్కడ పాస్టరు థియొడోర్ ఫ్లీడ్నర్ 1836లో స్త్రీ పరిచారకుల సంస్థను స్థాపించియున్నాడు. ఆసుపత్రి, అనాథాశ్రమము, బడి, చెరసాల నుండి విడుదలైన స్త్రీలకు ఆశ్రయము, అన్నియు ఒకేచోట. 1851లో ఆమె మరల వెళ్లి మూడు నెలలు అక్కడ పనిచేసి నేర్చుకొన్నది.

పరిచర్య అను మన తెలుగు మాట ఇక్కడ బాగుగా అతుకుతుంది. సంఘములో చేసే సేవయు పరిచర్యయే, రోగి ప్రక్కన చేసే సేవయు పరిచర్యయే. రోమా పత్రికలో ఫీబేను సంఘ పరిచారకురాలని చదువుకొంటాము. కైజర్స్‌వర్త్ స్త్రీలు ఆ మాటలోని రెండు అర్థములను ఒక్క జీవితములో కలిపి చూపినవారు. అయితే నైటింగేల్ కండ్లు మూసుకొని మెచ్చుకొనే మనిషి కాదు. అక్కడి భక్తిని, త్యాగమును జీవితాంతము పొగడినది గాని, అక్కడి నర్సింగు ఏమియు లేదనియు, పరిశుభ్రత ఘోరముగా ఉండేదనియు ముసలితనములో నిర్మొహమాటముగా వ్రాసింది. ప్రేమ ఉన్నది గాని విద్య లేదని దాని భావము. ఈ తేడాయే ఆమె జీవితమంతటికి మూలము.

1853లో లండనులోని హార్లీ వీధిలో, బీదతనములో పడిన మర్యాదస్తురాండ్రకు ఉన్న చిన్న ఆసుపత్రికి ఆమె సూపరింటెండెంటు అయింది. తండ్రి చివరకు మెత్తబడి, సంవత్సరమునకు 500 పౌనులు ఇచ్చుటకు ఒప్పుకొన్నాడు. ఆ కమిటీవారు తమ సంఘమునకు చెందిన రోగులనే చేర్చుకోవాలన్నారు. అన్ని శాఖల వారిని చేర్చుకొంటేనే పనిచేస్తానని ఆమె పట్టుపట్టి గెలిచింది. తరువాత ఆమె అడిగినవి ఏవో తెలుసునా? ప్రతి అంతస్తుకు వేడినీళ్ల గొట్టము. రోగుల భోజనము వంటగది నుండి పైకి చేర్చే యంత్రము. రోగి పిలిస్తే నర్సుకు వినబడే గంట. నర్సు రోజంతా మెట్లు ఎక్కి దిగుతూ ఉంటే ఆమె రోగి దగ్గర ఉండేది ఎప్పుడని ఆమె వాదన. కమిటీ సభ్యులు ఇదివరకు ఇట్టి మేట్రనును చూడలేదు.

1854లో ఇంగ్లండు, ఫ్రాన్సు, టర్కీలు రష్యాతో క్రిమియా యుద్ధములో ఉన్నవి. టైమ్స్ పత్రిక విలేకరి, గాయపడిన సైనికులకు కట్టు కట్టుటకు బట్టలు కూడ లేవని, ఫ్రెంచి వారికి కన్యాసిస్టర్లున్నారు గాని ఇంగ్లీషు వారికి ఎవరును లేరని వ్రాయగా దేశము అట్టుడికినట్టు ఉడికింది. యుద్ధ వ్యవహారముల మంత్రి సిడ్నీ హెర్బర్ట్ నైటింగేల్ కుటుంబ స్నేహితుడు. అక్టోబరు 15వ తేదీన ఆమెకు ఉత్తరము వ్రాశాడు. 21వ తేదీకి ఆమె 38 మంది నర్సులతో బయలుదేరింది. వారిలో పదిమంది రోమను కాథలిక్కు సిస్టర్లు, పద్నాలుగు మంది ఆంగ్లికను సంస్థల వారు, మిగిలిన పద్నాలుగు మంది ఆసుపత్రి నర్సులు. ఆ ప్రయాణపు హడావిడిలోనే ఏథీనా అనే గుడ్లగూబ చచ్చిపోయింది. దాని కొరకు ఆమె ఏడ్చినట్టు అక్క వ్రాసింది.

నవంబరు 4వ తేదీన వారు కాన్‌స్టాంటినోపిల్ ఎదుటి ఒడ్డునగల స్కుటారి చేరారు. పెద్ద బారకాసునే ఆసుపత్రిగా మార్చారు. వరండాలలో మైళ్ల కొలది రోగులు నేలమీద పడియున్నారు. మరుగుదొడ్లు నిండి పొర్లుతున్నవి. ఎలుకలు, పేనులు సరేసరి. చొక్కా లేదు, చెంచా లేదు, సబ్బు లేదు. సామానులు గోదాములలో ఉన్నను సంతకములు కుదరక బయటికి రావు. ఆఫీసుల తీరు ఆనాడు ఈనాడు ఒక్కటే. డాక్టర్లు ఈ స్త్రీలను లోనికి రానీయలేదు. అప్పుడు నైటింగేల్ చేసిన పని నాకు మిక్కిలి ఆశ్చర్యము. కండ్లయెదుట మనుష్యులు మూలుగుతుండగా, డాక్టరు అడిగేవరకు ఎవరిని తాకవద్దని తన నర్సులకు ఆజ్ఞాపించి, కూర్చోబెట్టి కట్టుగుడ్డలు కుట్టించింది. కొందరు నర్సులు ఆమెను రాతిగుండె అనుకొన్నారు. ఇంకర్మన్ యుద్ధము నుండి గాయపడినవారు ఓడల కొలది వచ్చినప్పుడు డాక్టర్లే వచ్చి అడిగారు. అటు పిమ్మట ఆ తలుపు మూయబడలేదు.

టైమ్స్ పత్రిక వసూలు చేసిన నిధితోను, తన స్వంత డబ్బుతోను ఆమె చొక్కాలు, నేల రుద్దే బ్రష్షులు, గిన్నెలు కొన్నది. ఒక ఇల్లు అద్దెకు తీసుకొని, బట్టలు మరగబెట్టుటకు పెద్ద బానలు పెట్టించి, సైనికుల భార్యలకు ఉతుకుట పని ఇచ్చింది. పథ్యపు వంటకు వేరే వంటగదులు ఏర్పరచింది. 1855లో లండను నుండి అలెక్సిస్ సోయర్ అను పేరుమోసిన వంటవాడు తన ఖర్చుతో వచ్చి ఆ వంటశాలలను ఇంకా బాగుచేశాడు. త్రాగి అల్లరిచేసిన నర్సులను ఆమె ఇంటికి పంపివేసింది. రాత్రి ఎనిమిది దాటిన తరువాత వార్డులలో స్త్రీలెవరును ఉండకూడదని నియమము పెట్టి, తానొక్కతే లాంతరుతో తిరిగేది. చనిపోయిన సైనికుల తల్లులకు తన చేతితో ఉత్తరములు వ్రాసేది. కోలుకొనే సైనికులు జీతమును సారాకు పోయకుండ ఇండ్లకు పంపుకొనే ఏర్పాటు, చదువుకొనుటకు గది ఏర్పాటు చేసింది. ఆఫీసర్లు సైనికులను పశువులని తలచే రోజులవి.

ఈ సందర్భములో మేరీ సీకోల్ పేరు చెప్పకుండుట న్యాయము కాదు. జమైకా ద్వీపపు నల్లజాతి తల్లికి పుట్టిన ఈమె కలరా రోగులకు వైద్యము చేసిన అనుభవశాలి. లండనులో తన్ను కూడ నర్సుగా పంపుమని అడుగగా తీసుకొనలేదు. తన స్వంత డబ్బుతో క్రిమియా వెళ్లి, బాలక్లావా దగ్గర భోజనశాల పెట్టి, యుద్ధభూమిలోనే సైనికులకు సేవ చేసింది. ఆమెను గూర్చి నైటింగేల్ అభిప్రాయము అంత ఉదారమైనది కాదు.

ఇప్పుడు అసలు విషయమునకు వస్తాను. ఇంత సేవ జరిగినను, ఆ చలికాలములో స్కుటారిలో మరణములు తగ్గలేదు. పెరిగినవి. 1855 ఫిబ్రవరిలో వచ్చిన రోగులలో నూటికి 42 మంది వరకు చనిపోయారు. వారిలో అత్యధికులు గాయముల వలన కాక కలరా, విరేచనములు, టైఫస్ జ్వరము వలన చనిపోయారు. మార్చి నెలలో ఇంగ్లండు నుండి ఆరోగ్య పారిశుద్ధ్య కమీషను వచ్చింది. డాక్టరు సదర్లాండ్, రాబర్ట్ రాలిన్‌సన్ అను ఇంజనీరు అందులో ముఖ్యులు. వారు చూడగా ఆ గొప్ప కట్టడము మురుగు గుంటల మీద నిలిచియున్నది. గొట్టములు పూడిపోయి దుర్వాయువు వార్డులలోనికి వస్తున్నది. నీరు వచ్చే కాలువలో చచ్చిన జంతువుల కళేబరములున్నవి. వారు మురుగు కడిగించి, గోడలకు సున్నము కొట్టించి, గాలికి దారులు తెరిపించి, రోగుల గుంపును పలుచన చేశారు. జూను నెలకు మరణములు నూటికి సుమారు రెండుకు దిగినవి.

1856లో యుద్ధము ముగిసి నైటింగేల్ తిరిగి వచ్చినప్పుడు దేశమంతా ఆమెకు స్వాగతము చెప్పుటకు బ్యాండుమేళములు సిద్ధము చేసింది. ఆమె మిస్ స్మిత్ అను మారుపేరుతో ప్రయాణము చేసి, స్టేషను నుండి నడిచి ఇల్లు చేరింది. ఆమె మనస్సు చనిపోయినవారి మీదనే ఉన్నది. విక్టోరియా రాణిని కలిసి సైన్యపు ఆరోగ్యమును గూర్చి రాజ కమీషను వేయించింది. జనన మరణముల లెక్కల నిపుణుడు విలియం ఫార్ సహాయముతో సైనికుల మరణముల అంకెలను ఒక్కొక్కటిగా పరిశోధించింది. అంతవరకు ఆమె, తిండి లేక, బట్ట లేక, ఆలస్యముగా చేరుట వలన సైనికులు చనిపోయారనే నమ్మియుండెను. అంకెలు వేరే కథ చెప్పినవి. యుద్ధరంగము దగ్గరి గుడారపు ఆసుపత్రులకంటె, తాను ప్రాణముపెట్టి సేవచేసిన స్కుటారి ఆసుపత్రియే ఎక్కువ మందిని పొట్టన పెట్టుకొన్నది. కారణము గాలి, నీరు, మురుగు. ఈ సంగతి తెలిసిన తరువాతనే, 1857లో ఆమె శరీరము కూలిపోయిందని కొందరు చరిత్రకారులు తలుస్తారు. క్రిమియాలో తగిలిన జ్వరపు శేషమే కారణమని మరికొందరు అంటారు. రెండును నిజము కావచ్చును.

ఈ భాగము చదివినప్పుడు నాకు నిద్రపట్టలేదు. కారణము చెప్పుతాను. నేను చిన్నదానినైయుండగా ఒక ఆసుపత్రి పిల్లల వార్డులో పనిచేశాను. ఆ ఊరి పేరు ఇక్కడ అనవసరము. ఒక వానకాలములో విరేచనములతో వచ్చిన పిల్లలు కోలుకొనుచుండగానే మరల మంచమెక్కేవారు. రాత్రింబగళ్లు ఒడిలో పెట్టుకొని చెంచాతో నీళ్లు పోశాము. పాటలు పాడాము. ప్రార్థించాము. ఇద్దరు పిల్లలు చనిపోయారు. నెల గడచిన తరువాత బావి గట్టు ప్రక్కన మరుగుదొడ్డి గుంట బీటవారి, ఆ నీరు బావిలోనికి దిగుతున్నదని కనుగొన్నారు. నేను అంత ప్రేమతో చెంచాతో పోసినది ఆ నీళ్లే. కాచి పోయాలని పుస్తకములో చదివినదాననే. పొయ్యి దగ్గర కట్టెలు తడిసిపోయినవని ఒకటి రెండుసార్లు వదలివేశాను. ఈనాటికిని ఆ పిల్లల తల్లులలో ఒకామె మొగము నాకు గుర్తున్నది. వెళ్లేటప్పుడు నా చేతులు పట్టుకొని, బాగా చూచుకొన్నావమ్మా అని నాకు దణ్ణము పెట్టి పోయింది.

నైటింగేల్ తాను తెలిసికొన్నదానిని దాచిపెట్టలేదు. అంకెలు చదువలేని మంత్రుల కొరకు వృత్తాకారపు రంగుల పటములు గీచింది. వ్యాధితో చనిపోయినవారు నీలపు రంగు, గాయములతో చనిపోయినవారు ఎరుపు రంగు. చూడగానే నీలము కండ్లకు కొట్టినట్టు కనబడుతుంది. శాంతికాలములో ఇంగ్లండులోని బారకాసులలో ఉన్న ఆరోగ్యవంతులైన సైనికులు కూడ బయటి ప్రజలకంటె ఇంచుమించు రెట్టింపు సంఖ్యలో చనిపోతున్నారని చూపింది. 1858లో గణాంక సంఘము ఆమెను సభ్యురాలిగా తీసుకొన్నది. ఆ సంఘములో ఆమెయే మొదటి స్త్రీ.

1859 చివరను ఆమె నర్సింగును గూర్చిన చిన్న పుస్తకము వెలువడింది. అది నర్సులకు మాత్రమే కాక, ఇంటిలో ఎప్పుడో ఒకప్పుడు రోగిని చూచుకోవలసివచ్చే ప్రతి స్త్రీకి వ్రాసినది. 1861లో కూలి జనుల కొరకు చవుక ప్రతి కూడ వేయించి, అందులో తమ్ముళ్లను చెల్లెళ్లను ఎత్తుకొనే పిల్లల కొరకు శిశు సంరక్షణ అధ్యాయము చేర్చింది. ఆమె సిద్ధాంతము క్లుప్తముగా ఇది. స్వస్థపరచేది డాక్టరు కాదు, నర్సు కాదు, దేవుడు ఏర్పరచిన ప్రకృతి. ఆ ప్రకృతి పనిచేయుటకు వీలైన స్థితిలో రోగిని ఉంచుట నర్సు పని. శుద్ధమైన గాలి, వెలుతురు, శుభ్రమైన నీరు, సరియైన వేళకు సరియైన ఆహారము, నిశ్శబ్దము, వీటిని అమర్చుటయే శ్రద్ధ. జాలిపడుట దానికి ప్రారంభము మాత్రమే.

ఆమె రోగిని ఎంత దగ్గరగా చూచిందో ఆ పుస్తకము వలన తెలుస్తుంది. తలుపు బయట గుసగుసలు రోగిని ఎంత బాధిస్తవో వ్రాసింది. ఒకే గోడను చూస్తూ పడియుండుట ఎంత నరకమో, కిటికీ గుండా ఒక చెట్టు కనబడుట, ఒక పూలగుత్తి, ఒక పెంపుడు పక్షి ఎంత మేలో వ్రాసింది. తాను ఉన్నప్పుడు జరిగే పని, తాను లేనప్పుడు కూడ జరిగేటట్లు ఏర్పాటు చేయలేని నర్సు ఎంత మంచిదైనను ప్రయోజనము లేదన్నది. మేట్రన్లు ఈ ఒక్క మాట గోడకు అంటించుకొంటే చాలును.

రోగులను చూడవచ్చేవారిని గూర్చి ఒక అధ్యాయమే ఉన్నది. మన సంఘములలో పరామర్శకు పోయే అన్నలు అక్కలు దానిని తప్పక చదువవలెను. నీకేమీ లేదు, త్వరలో లేచి తిరుగుతావు అని రోగ సంగతి తెలియకయే ధైర్యము చెప్పుట, ఫలానా వేరు అరగదీసి త్రాగుమని, ఫలానా డాక్టరు దగ్గరకు పొమ్మని సలహాలు కుప్పలు పోయుట రోగికి ఉపశమనము కాదు, హింస అని ఆమె అభిప్రాయము. తన మాట ఎవరును వినుటలేదని తెలిసికొన్న రోగి, నవ్వి ఊరకుంటాడు. మా వార్డులో ఆదివారము మధ్యాహ్నము గుంపులు వచ్చిపోయిన తరువాత సాయంకాలము జ్వరపు చార్టు ఎక్కుట నేనెన్నోసార్లు చూచాను. మందు లేని ఆ జ్వరమును తగ్గించుటకు పాస్టరు గారి సహాయము కావలసివచ్చేది.

దేశ ప్రజలు ఇచ్చిన నిధి సుమారు 45,000 పౌనులతో 1860లో లండనులోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణాలయము తెరువబడింది. అక్కడ చదివినవారు ఆస్ట్రేలియా వరకు వెళ్లి ఆసుపత్రులను నిలబెట్టారు. వారిలో నాకు మరువరానిది ఆగ్నెస్ జోన్స్. లివర్‌పూల్ నగరపు దరిద్రశాల ఆసుపత్రిలో, అంతవరకు దరిద్రులే దరిద్రులను చూచుకొనే చోట, 1865లో శిక్షణ పొందిన నర్సులతో పని ప్రారంభించి, మూడేండ్లలో టైఫస్ సోకి చనిపోయింది. బీదవానికి దొరికే పరిచర్య ధనవంతునికి దొరికే దానికంటె తక్కువది కారాదని నైటింగేల్ పట్టుదల.

మన దేశమును ఆమె ఎన్నడును చూడలేదు. అయినను 1859 నుండి దాదాపు నలువది సంవత్సరములు మన దేశమును గూర్చి పాటుపడింది. ఇక్కడి ప్రతి సైనిక కేంద్రమునకు ప్రశ్నావళులు పంపించి, వచ్చిన జవాబుల గుట్టలను చదివింది. ఇక్కడి బ్రిటిషు సైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863 కమీషను నివేదిక తేల్చింది. పదేండ్ల తరువాత అది 18కి దిగినదని ఆమె వ్రాసింది. మొదట సైనికులను గూర్చి ఆరంభించి, క్రమముగా రైతులను గూర్చి, కరవులను గూర్చి, వడ్డీ వ్యాపారుల చేతిలో చిక్కిన కుటుంబములను గూర్చి వ్రాసింది. గోదావరికి ధవళేశ్వరము దగ్గర ఆనకట్ట కట్టించిన మన కాటన్ దొరతో ఆమెకు ఉత్తర ప్రత్యుత్తరములుండేవి. 1876 నుండి 1878 వరకు కర్నూలు, బళ్లారి ప్రాంతములను, మద్రాసు రాష్ట్రమును కరవు పీడించినప్పుడు, కాలువలకు డబ్బు దండుగ అన్న అధికారులకు ఎదురుగా ఆమె కాటన్ దొర పక్షము వహించింది. గాలి లేక చచ్చే రోగియు, నీరు లేక చచ్చే రైతును ఆమె కంటికి ఒకే వార్డులోని వారు.

ఆమెయందు లోపములు లేకపోలేదు. సూక్ష్మక్రిముల సంగతిని చాలా కాలము నమ్మలేదు. దుర్వాయువే రోగకారణమని వాదించింది. శుభ్రతను గూర్చి చేసిన పని సరియైనదే గాని చెప్పిన కారణము తప్పు. నర్సులకు రిజిస్టరు ఉండవలెనని ఇతరులు కోరినప్పుడు వ్యతిరేకించింది. గుణమును పరీక్షపత్రము కొలువలేదని ఆమె వాదన. నాకు ఆ రిజిస్టరు వలననే ఉద్యోగము వచ్చింది గనుక నేను ఒప్పుకొనలేను. తనతో పనిచేసినవారిని విశ్రమింపనీయలేదు. సిడ్నీ హెర్బర్ట్ జబ్బుతో ఉన్నను ఆయనను పనిలో తరుముతూనే ఉన్నది. ఆయన 1861లో చనిపోయాడు.

ఇటీవలి కాలములో నర్సింగు కాలేజీలలో మానవ శ్రద్ధా సిద్ధాంతమని ఒక పాఠము చెప్పుతున్నారు. అమెరికాకు చెందిన జీన్ వాట్సన్ 1979లో ప్రచురించిన గ్రంథములో శ్రద్ధకు పది అంశములు చెప్పింది. రోగిని వినుట, అతని నమ్మికను గౌరవించుట, అతని మంచి చెడ్డ భావములను రెండింటిని చెప్పుకోనిచ్చుట వంటివి అందులో ఉన్నవి. మా మేనకోడలు ఆ పాఠము నాకు చదివి వినిపించినప్పుడు, నైటింగేల్ గారి గుసగుసల అధ్యాయము నాకు జ్ఞాపకము వచ్చింది. అదే పదింటిలో రోగి చుట్టునున్న పరిసరములను బాగుచేయుట కూడ ఒకటి. దానిని పిల్ల తొందరగా చదివివేసి పోబోగా, ఆగమని చెప్పి, నా బావి కథ చెప్పాను.

1857 తరువాత నైటింగేల్ చాలావరకు గదిలోనే, మంచము మీదనే జీవించింది. చుట్టును పిల్లులు, కాగితములు. మంత్రులు, గవర్నర్లు ఆ గదికి వచ్చి కూర్చుండి పోయేవారు. 1872 నుండి తన స్కూలు అమ్మాయిలకు తరచుగా ఏడాదికొక ఉత్తరము వ్రాసేది. చివరకు చూపు పోయింది. 1907లో రాజు ఇచ్చిన ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన మొదటి స్త్రీ ఆమెయే. అప్పటికి దాని సంగతి ఆమెకు సరిగా తెలియదు. 1910 ఆగస్టు 13వ తేదీన, 90 ఏండ్ల వయస్సులో, లండనులోని తన ఇంటిలో నిద్రలోనే కన్ను మూసింది. రాజులను పాతిపెట్టే వెస్ట్‌మినిస్టర్ ఆలయములో స్థలమిస్తామన్నారు. ఆమె కోరిక ప్రకారము కుటుంబమువారు వద్దన్నారు. హాంప్‌షైరులో, తన్ను దేవుడు పిలిచెనని వ్రాసుకొన్న ఎంబ్లీ ఇంటికి దగ్గరనే, ఈస్ట్ వెల్లో గ్రామపు చిన్న చర్చి ఆవరణలో తల్లిదండ్రుల ప్రక్కన పాతిపెట్టారు. ఆరుగురు సైనిక సార్జెంట్లు పెట్టెను మోశారు. రాతి మీద ఆమె పేరు లేదు. ఎఫ్, ఎన్ అను రెండు అక్షరములు, పుట్టిన తేదీ, గిట్టిన తేదీ మాత్రమే ఉన్నవి.